మీకు తెలుసా? పగడాల తొట్టిలో పాచి వింతలు

మొయినాబాద్ దగ్గరి ఎంకపల్లికి సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. ఆ పక్కనున్న గండిపేట చెరువు నిండితే నీటిమట్టం సముద్రం కంటే 1,790 అడుగుల ఎత్తు! అయినా మొయినాబాద్‌లో కూర్చుని ఇంట్లోనే సముద్రాన్ని పెంచుకోవచ్చు. ఒక గాజు తొట్టి, సముద్రపు ఉప్పు, నీలి లైట్లు, నాలుగు పగడాలు, రెండు చేపలు చాలు. వాటితో పాటు పిలవని పేరంటంగా ఒకటి తప్పకుండా వస్తుంది. అదే పాచి! తోమితే మళ్ళీ వస్తుంది, పీకితే రెండింతలవుతుంది. దాని గురించి నేను పోగేసుకున్న వింతలివి. వరుస లేదు, ఎక్కడి నుంచైనా చదవండి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అంటే 200 లీటర్ల తొట్టికి 7 కిలోలు! మరి గండిపేట చెరువంతా సముద్రపు నీరు చేయాలంటే? చెరువు పట్టేది 3.9 టీఎంసీలు. లెక్క కట్టి చూశాను, సుమారు 39 లక్షల టన్నుల ఉప్పు కావాలి!

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. చేవెళ్ళ ఎండాకాలంలో తొట్టి నీళ్ళు రెండంగుళాలు తగ్గిపోయాయి. పైన ఉప్పునీళ్ళు పోయాలా, మంచినీళ్ళా? మంచినీళ్ళే! ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా తొట్టిలోనే ఉండిపోతుంది.

ఆ మంచినీళ్ళు బోరు నుంచి నేరుగా పట్టినవి కాకూడదు. బోరు నీళ్ళలో కరిగి వచ్చే నైట్రేటు, సిలికా లాంటివి పాచికి పెళ్ళి భోజనం. అందుకే పగడాలు పెంచేవాళ్ళు ఆర్‌ఓ నీటిని కూడా ఇంకోసారి వడకట్టి వాడతారు. మనం తాగే నీటి కంటే పగడం నీరే శుభ్రం!

పగడాల తొట్టిలో ఫాస్ఫేటు లీటరుకు 0.05 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే చాలంటారు. 200 లీటర్ల తొట్టి మొత్తానికి కలిపితే అది 10 మిల్లీగ్రాములు, అంటే సుమారుగా ఒక సన్నబియ్యపు గింజ బరువు! ఇప్పుడు చేవెళ్ళ కూరగాయల తోటల్లో చల్లే డీఏపీ బస్తాను తలుచుకోండి. 50 కిలోల బస్తాలో ఉన్న ఫాస్ఫేటును ఈ కొలతన పంచితే 30 లక్షల తొట్లకు సరిపోతుంది! టమాటా మొక్కకు బలమిచ్చేదే పాచికీ బలం. మొక్కకు బస్తా కావాలి, పాచికి గింజ చాలు.

ఎందుకింత పొదుపు? 1934లో ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త సముద్రంలో తేలే సూక్ష్మజీవుల ఒంట్లో ఒక లెక్క కనిపెట్టాడు. తర్వాత సరిదిద్దిన అంకెల్లో, ఒక ఫాస్ఫరస్ పరమాణువుకు 16 నైట్రోజన్ పరమాణువులు, 106 కార్బన్ పరమాణువులు! ఒక్క ఫాస్ఫరస్ దొరికితే దాని చుట్టూ నూరుకు పైగా కార్బన్ ఇటుకలతో ఇల్లు కట్టేసుకుంటాయన్నమాట. చేపలకు ప్రేమతో వేసే ఒక్క చిటికెడు ఎక్కువ మేత, వారం తిరిగేసరికి రాళ్ళ మీద పచ్చని జుట్టుగా మొలిచేది ఇందుకే.

"సరే, అయితే నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా చేసేస్తే పీడా పోతుందిగా?" అంటారా? అక్కడే ఉంది అసలు వింత! రెండూ సున్నా అయిన తొట్టిలోకే అన్నిటికంటే మొండివి దిగుతాయి. వాటి పేరు డైనోఫ్లాజెల్లేట్లు. గోధుమరంగు జిగురుగా, గాలిబుడగలు చిక్కుకున్న దారాల్లా వేలాడతాయి. పోటీకి వచ్చే తక్కిన పాచి ఆకలితో చచ్చాక ఇవి ఇల్లు ఆక్రమిస్తాయి. అప్పుడు చాలామంది చేసే వైద్యమేమిటో తెలుసా? కొలిచి మరీ నైట్రేటు, ఫాస్ఫేటు తొట్టిలో కలపడం! శుభ్రం ఎక్కువై వచ్చే జబ్బు ఇదొక్కటేనేమో.

ఆ డైనోఫ్లాజెల్లేట్ల చుట్టాలే సముద్రాన్ని రాత్రిపూట వెలిగిస్తాయి. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు నీలంగా మెరిస్తే జనం అర్ధరాత్రి పరుగులు తీశారు. ఆ వెలుగు నాక్టిల్యూకా అనే ఒంటికణపు జీవిది. నీరు కదిలితే చాలు, అది మెరుస్తుంది.

ఇంకా ఆశ్చర్యం చెప్పనా? పగడం బతికేది కూడా ఆ కుటుంబం దయతోనే! పగడం ఒంట్లో ఒక్కో చదరపు సెంటీమీటరుకు లక్షల కొద్దీ ఒంటికణపు నాచులు కాపురం ఉంటాయి. ఎండలో ఆహారం వండి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అవే పెడతాయి. అద్దం మీద నాచును గీకి పారేస్తూ మనం మురిసిపోయి చూసే పగడపు రంగులో కొంత లోపలి నాచుదే. పగడం రాయీ కాదు, చెట్టూ కాదు. నాచును ఇంట్లో పెట్టుకుని బతికే జంతువు!

నీళ్ళు ఎండాకాలపు మామూలు వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లబోతుంది. ఒక్క డిగ్రీ! నీళ్ళలో చెయ్యి పెట్టినా మనకు తెలియనంత తేడా.

మరి వేలికి ఉంగరంలో పెట్టుకునే కుజుడి పగడం మాటేమిటి? అది వేరే జాతి! మధ్యధరా సముద్రపు చీకటి గుహల్లో పెరిగే ఆ ఎర్ర పగడానికి నాచు కాపురం లేదు, ఆ ఎరుపు దాని ఎముకదే. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో, సుంకం కట్టాల్సిన సరుకుల్లో పగడాల పేరూ ఉంది. అంటే ఓరుగల్లుకు పగడం కొత్త కాదు!

మన చట్టంలో రీఫ్ కట్టే పగడాలకు పులితో సమాన హోదా ఉంది! 2001 నుంచి అవి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి ఒక్క కొమ్మ విరిచి తెచ్చుకున్నా నేరమే.

తొట్టిలో మొలిచే పచ్చని గోళీలు చూశారా? గాజులా మెరుస్తూ, ద్రాక్షపండంత ఉంటాయి. పేరు వలోనియా. ఆ గోళీలో ఎన్ని కణాలుంటాయో ఊహించండి. కోటి? పది కోట్లు? ఒక్కటి! గోళీ మొత్తం ఒకే ఒక్క కణం! ఐదు సెంటీమీటర్ల దాకా పెరగగల ఈ కణం ప్రపంచంలోకెల్లా పెద్ద ఒంటికణపు జీవుల్లో ఒకటి. మన ఒంట్లో కణం చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి, దీన్ని చేత్తో పట్టుకుని ఆడుకోవచ్చు. కానీ నలపకండి! గాయమైతే లోపలి పదార్థం చిన్న చిన్న ఉండలుగా విడిపోతుంది, ఒక్కో ఉండా కొత్త గోళీ కాగలదు. అందుకే తెలిసినవాళ్ళు రాయిని బయటికి తీసి, గోళీ పగలకుండా మొదలంటా పెకిలిస్తారు. లేదా ఒక పచ్చ ఎండ్రికాయను వదులుతారు. ఎమరాల్డ్ క్రాబ్ అని దాని పేరు, వలోనియా అంటే దానికి మహా ఇష్టం.

వలోనియాను మించినది కాలెర్పా. చూస్తే కాండం, ఆకులు, వేళ్ళు అన్నీ ఉన్న తీగ. నిజానికి అదీ ఒకే కణం! మీటర్ల పొడవున పాకినా మధ్యలో అడ్డుగోడ ఒక్కటి ఉండదు.

ఆ కాలెర్పా చేసిన ఆగడం వినండి. అక్వేరియం అలంకారానికి పెంచిన ఒక రకం 1984లో మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియం కింది సముద్రంలో కనిపించింది. అప్పుడది ఒక చదరపు మీటరు, అంటే ఒక పీట వేసుకునేంత చోటు. ఐదేళ్ళలో దాదాపు రెండున్నర ఎకరాలయింది, 1990ల చివరికల్లా వేల ఎకరాలకు పాకింది! 2000లో అదే నాచు అమెరికాలో కాలిఫోర్నియా తీరపు ఒక కయ్యలో మొలిస్తే, నీటి అడుగున టార్పాలిన్లు కప్పి క్లోరిన్ పెట్టి చంపారు. పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 వచ్చింది, ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది. అక్వేరియంలోని ఏ మొక్కనూ, ఏ నీటినీ చెరువులోనో కాలువలోనో పారబోయకండి అని పెద్దలు మొత్తుకునేది ఇందుకే. ఈ మాట గండిపేటకూ, హిమాయత్‌సాగర్‌కూ కూడా వర్తిస్తుంది.

మన పక్కింట్లోనూ ఇలాంటి కథ ఉంది. తమిళనాడు మన్నార్ సింధుశాఖలో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు, కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదికెక్కి వాటిని కప్పేసిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. దాన్ని పెంచేది క్యారజీనన్ అనే జిగురు కోసం. ఐస్‌క్రీమ్ చిక్కగా ఉండడానికి, టూత్‌పేస్టు ముద్దగా నిలవడానికి ఆ జిగురు వాడతారు. పగడాలు పెంచేవాళ్ళు రాయి మీద నాచును పాత టూత్‌బ్రష్‌తో తోముతారు కదా! నాచును తోమేదీ బ్రష్షే, ఆ బ్రష్షు మీద పెట్టుకునేదీ నాచు జిగురే!

పండగకు చైనాగ్రాస్ హల్వా చేశారా? అది గడ్డి కాదు, ఎర్రనాచు! దాన్నే అగర్ అంటారు. వేడి నీళ్ళలో కరిగి, చల్లారితే గడ్డకట్టే ఈ వంటింటి సరుకును 1881లో ఫానీ హెస్సే అనే ఇల్లాలు ప్రయోగశాలలో పనిచేసే భర్తకు సూచించింది. ఇప్పటికీ ప్రపంచమంతా బాక్టీరియాను పెంచేది దాని మీదే.

తెలుగులో 'పాచి' మాట ఎంత తిరిగిందో గమనించారా? చెరువు మెట్ల మీద పాచి, పళ్ళ మీద పాచి, నిద్ర లేచిన పాచి ముఖం, నిన్నటి పాచి అన్నం, ఇల్లూడ్చి గిన్నెలు తోమితే పాచిపని! పగడాల తొట్టి ఉన్న ఇంట్లో పాచిపని రోజుకు రెండు పూటలు.

తొట్టిలో ఎర్రని వెల్వెట్ దుప్పటిలా పరుచుకునే పాచి అసలు పాచే కాదు! అది సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట భూమి గాలిలోకి ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టింది దీని పూర్వీకులే. మందుల షాపులో బిళ్ళలుగా దొరికే స్పిరులినాదీ ఈ వంశమే!

ఆ పూర్వీకుల గుర్తులు చూడాలంటే ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు, కడప జిల్లా వేంపల్లె చాలు. అక్కడి రాళ్ళలో పొరలు పొరలుగా, ఉల్లిగడ్డ కోసినట్టు కనిపించే గీతలు స్ట్రోమటోలైట్లు. ఒకప్పటి లోతులేని సముద్రంలో సయనోబాక్టీరియా జిగురు పొరలు ఒండ్రును పట్టి కట్టిన మేడలవి. వయసు? దాదాపు 190 కోట్ల ఏళ్ళు! డైనోసార్లు అంతరించి ఆరున్నర కోట్ల ఏళ్ళే అయింది, ఇది దానికి దాదాపు 30 రెట్లు.

తొట్టిలోని ఎర్ర పాచికి ఒక వైద్యం చీకటి. తొట్టికి మూడు రోజులు మందపాటి దుప్పటి కప్పి లైట్లు ఆపేస్తారు. పగడాలు ఓర్చుకుంటాయి, పాచి ఓర్చుకోలేదు.

బ్రయాప్సిస్ అనే ఈకల్లాంటి నాచు ఏ బ్రష్షుకూ లొంగదు. దాన్ని లొంగదీసేది ఏమిటో తెలుసా? మనుషులకు ఫంగస్ సోకితే డాక్టరు రాసే ఫ్లుకొనజోల్! నాచు ఫంగస్ కాకపోయినా ఆ మందు దాన్ని ఎండగడుతుందని పగడాలు పెంచేవాళ్ళు కనిపెట్టారు.

బ్రయాప్సిస్‌కు ఇంకో శత్రువు ఆకులాంటి సముద్రపు నత్త, పేరు ఎలీసియా. నాచు కణానికి బెజ్జం పెట్టి రసం పీల్చి, అందులోని పత్రహరితపు సంచులను అరిగించుకోకుండా తన ఒంట్లో దాచుకుంటుంది! ఆ వంశంలోని ఎలీసియా క్లోరోటికా ఇలా ఆకుపచ్చగా మారి తొమ్మిది నెలల దాకా తిండి లేకుండా బతికింది.

అద్దం మీద పాచిని గీకే నత్తకు నాలుకంతా పళ్ళే! ఆకురాయిలా వరుసలు వరుసలుగా ఉంటాయి, ముందువి అరిగితే వెనకవి జరిగి వస్తాయి. రాళ్ళ మీద పాచి తినే దాని దాయాది లింపెట్ పన్నును 2015లో బ్రిటన్ శాస్త్రవేత్తలు లాగి పరీక్షించారు. జీవులు తయారుచేసే పదార్థాల్లో బలానికి అప్పటిదాకా మొదటి స్థానం సాలెపట్టుది. పన్ను దాన్ని ఓడించింది!

ముళ్ళబంతిలాంటి సీ అర్చిన్ ఎంత పని చేస్తుందో అది పోయాకే తెలిసింది. 1983, 84లలో కరీబియన్ సముద్రంలో ఏదో జబ్బు తగిలి డయడెమా జాతి అర్చిన్లు నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. జమైకాలో మితిమీరిన చేపల వేట వల్ల నాచు మేసే చేపలు అప్పటికే కరువు. తుపాన్లు సరేసరి. 1977లో అక్కడి సముద్రపు అడుగున పగడాలు 52 శాతం, నాచు 4 శాతం. 1993 నాటికి పగడాలు 3 శాతం, నాచు 92 శాతం! మేసేవాడు లేకపోతే సముద్రమంత తొట్టి కూడా పదహారేళ్ళలో పాచిపట్టిపోతుంది. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది.

చేపల్లో రైతులూ ఉన్నారు! డామ్సెల్ చేపల్లో ఒక జాతి తనకు నచ్చిన ఒక్క రకం ఎర్రనాచునే పెంచి, పనికిరాని నాచును నోటితో పీకి పొలం గట్టు అవతల పారేస్తుంది. కలుపు తీసే చేప!

పసుపు టాంగ్ అనే చేప రోజంతా నాచు గీకుతూనే ఉంటుంది. తొట్టిలో నాచు అయిపోతే? ఎండు నాచు కొని క్లిప్పుకు తగిలించి పెట్టాలి! అది జపాన్ వాళ్ళు అన్నానికి చుట్టుకునే నోరి. ఆ నోరి పంట ఒకప్పుడు కారణం తెలియకుండా దెబ్బతినేది. 1949లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఆ నాచు తన బతుకులో సగం గవ్వల లోపల గులాబీ మచ్చలుగా దాక్కుని గడుపుతుందని కనిపెట్టింది. ఆ ఒక్క ముక్కతో సాగు నిలబడింది. జపాన్ ఆమెను 'సముద్రమాత' అని కొలిచి, ఏటా ఏప్రిల్ 14న ఉత్సవం చేస్తుంది. ఆమె మాత్రం ఒక్కసారీ జపాన్ చూడలేదు!

కొత్త తొట్టిలో మొదట వచ్చేది గోధుమరంగు పొడి. అవి డయాటమ్‌లు, గాజు ఇళ్ళలో ఉండే నాచులు! సిలికాతో పెట్టెలాంటి గోడలు కట్టుకుంటాయి. వాటి పెంకుల మట్టిలోనే 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ నైట్రోగ్లిజరిన్ ఇంకించి డైనమైట్ చేశాడు.

గులాబీరంగు కొరలైన్ నాచు కనిపిస్తే మాత్రం పగడాలు పెంచేవాళ్ళు పండగ చేసుకుంటారు. సున్నంతో గట్టిపడే ఈ నాచు సముద్రంలో పగడపు దిబ్బలకు సిమెంటు. 1980ల్లో బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతున ఇలాంటి నాచు బతికి కనిపించింది. చార్మినార్ మీద చార్మినార్ నిలబెడుతూ నాలుగు పేర్చినా నీటి పైకి తేలవు! అక్కడికి చేరే వెలుగు పైనున్న ఎండలో రెండు లక్షల వంతుల్లో ఒక వంతు.

పాచిని పాచితోనే గెలవొచ్చా? గెలవొచ్చు! తొట్టి కింద ఇంకో చిన్న తొట్టిలో, చిక్కుపడ్డ గాలపు దారంలా ఉండే చీటో నాచును పెంచుతారు. పై తొట్టిలో లైటు ఆరాక రాత్రంతా దానికి లైటు. నైట్రేటు, ఫాస్ఫేటు అది తినేస్తుంది, నెలకోసారి గుప్పెడు కోసి పారేస్తే చాలు. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ 1980ల మొదట్లో నాచుతో నీటిని కడిగే యంత్రాన్నే చేశాడు.

అసలు మొదట్లో నాచే దేవత! 1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండు తీరం నుంచి బతికున్న పగడాలను లండన్ తెచ్చింది. నీటికి గాలి తగలాలని పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, టీ ఆర్చినట్టు, అరగంటకు పైగా సముద్రపు నీరు ఆర్చేదట! తర్వాత ఆ నీటిలో నాచు వేశాక పగడాలు బతికి బట్టకట్టాయి. 'అక్వేరియం' అన్న మాటను ఫిలిప్ గాస్ వాడుకలోకి తెచ్చింది ఆ తర్వాత, 1854లో.

విశాఖ రాళ్ళ మీద అల వెనక్కి పోయినప్పుడు కనిపించే నాచుల మీద 1964లోనే తెలుగు శాస్త్రవేత్తలు ఉమామహేశ్వరరావు, శ్రీరాములు పరిశోధన వ్యాసం ప్రచురించారు. బీచ్‌కు వెళితే ఈసారి రాళ్ళు కూడా చూడండి. కాళ్ళు జారకుండా!

ప్రపంచంలో కిరణజన్య సంయోగక్రియ చేసే జీవుల్లో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో ఉన్నది ఏది? వరి కాదు, గడ్డి కాదు. ప్రోక్లోరోకాకస్! 1988 దాకా దాని సంగతి లోకానికి తెలియదు, ఎందుకంటే ఆవగింజ వెడల్పులో రెండున్నర వేలు వరుసగా పడతాయి. భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం ఇలాంటి సముద్రపు చిన్నజీవులదే.

హిమాయత్‌సాగర్ పక్కన కొత్వాల్‌గూడలో హెచ్‌ఎండీఏ తలపెట్టిన ఎకో పార్కు ప్రణాళికలో పెద్ద అక్వేరియం కూడా ఉంది. అందులో అద్దాలెన్నో, నత్తలెన్ని కావాలో!

చివరగా కళ్ళు మూసుకుని చెప్పాల్సిన ప్రశ్న. తొలకరి చినుకు పడగానే లేచే మట్టి వాసన, ఎండాకాలంలో చెరువు నీటికి పట్టే పాచి వాసన, రెంటికీ ఏమిటి సంబంధం? రెంటిలోనూ ఉన్నది ఒకటే పదార్థం, జియోస్మిన్! మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా, నీటిలో సయనోబాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. 10 కోట్ల లీటర్ల నీటిలో ఒక్క గ్రాము కలిపినా మన ముక్కు ఇట్టే పట్టేస్తుంది. ఎంకపల్లి చేలల్లో వాన పడితే ఆహా అంటాం, అదే వాసన గ్లాసులో వస్తే ముఖం తిప్పుకుంటాం!